తుపాకి ఆఖరున కొనండి: టెక్సస్‌లో గువ్వల వేటకు కొత్తగా వచ్చేవారితో

(డాలస్ పరిసరాల్లోని తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగిలినదంతా వక్త మాటల్లోనే ఉంది.)

అందరికీ నమస్కారం. ఏ తుపాకి కొనాలో అడుగుదామని వచ్చినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. చూశారా, సగానికి సగం మంది! మీరు కాసేపు ఓపిక పట్టాలి. తుపాకి మాట నేను చాలా ఆలస్యంగా ఎత్తుతాను. కావాలనే ఎత్తుతాను. ముందు కాగితాలు, తర్వాత కళ్ళు, తర్వాత చోటు. అవన్నీ అయ్యాకే తుపాకి.

ఇవాళ ఒక్క పిట్ట గురించే మాట్లాడతాను. గువ్వ. బాతుల జోలికి, కౌజుల జోలికి పోను. ఎందుకు గువ్వే? కుక్క అక్కర్లేదు, పడవ అక్కర్లేదు, చలిలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడే పని లేదు. ఒక చిన్న స్టూలు, ఒక చెట్టు నీడ, బోలెడు మంచినీళ్ళు ఉంటే చాలు. టెక్సస్ ఉత్తర, మధ్య మండలాల్లో సెప్టెంబరు 1న సీజను మొదలవుతుంది, దక్షిణ మండలంలో కొంచెం వెనక. కొత్తవాడు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పిట్ట ఈ రాష్ట్రంలో లేదు.

ఇక్కడ ఎవరో ఒకరు క్రౌంచ పక్షుల కథ ఎత్తుతారు. ప్రతిసారీ ఎత్తుతారు, అందుకే నేనే ముందు ఎత్తేస్తున్నాను. పాపమా, కాదా? ఆ వాదనకు నేను దిగను. వద్దనుకున్నవాళ్ళకు వద్దు, వాళ్ళ మీద నాకు గౌరవమే. కానీ కోడికూర తింటూ నాకు నీతి చెప్పేవాళ్ళతో మాత్రం భోజనం అయ్యాక మాట్లాడతాను.

అయితే ఒక సంగతి తెలుసుకుని మొదలుపెట్టండి. ఈ దేశంలో ఒకప్పుడు పాసెంజర్ పావురం అని ఒక పిట్ట ఉండేది. వందల కోట్లలో ఉండేది. గుంపు వెళుతుంటే ఆకాశం చీకటయ్యేదని రాశారు. వలలు వేసి పట్టారు, తుపాకులతో కొట్టారు, పీపాల్లో కుక్కి రైళ్ళలో నగరాలకు పంపి అమ్మారు. అవి గూళ్ళు కట్టే అడవులనూ నరికేశారు. చివరి పిట్ట పేరు మార్తా. సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో 1914లో చనిపోయింది. ఏ తేదీనో తెలుసా? సెప్టెంబరు 1. మనం ఏటా తుపాకి పట్టుకుని పొలంలోకి దిగే రోజే. ఎవరూ కావాలని పెట్టిన తేదీ కాదు, కానీ నాకు ప్రతి ఏడూ గుర్తొస్తుంది.

ఆ తర్వాతే కదా చట్టాలు బిగిశాయి. 1918లో వలస పక్షుల చట్టం వచ్చింది. 1937లో ఇంకో చట్టం తెచ్చారు. దాని కింద వేట తుపాకుల మీద, తూటాల మీద ఇప్పుడు నూటికి 11 చొప్పున పన్ను తీసుకుని, ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు ఇస్తున్నారు. మీరు ఒక తూటాల పెట్టె కొన్నారంటే అందులో కొంత పిట్టల బాగోగులకే పోతుంది. గువ్వ గూటికి రెండే గుడ్లు పెడుతుంది, కానీ ఈ ఎండల్లో ఏడాదికి పలుమార్లు పెడుతుంది. సెప్టెంబరు నాటికి చాలా గూళ్ళు ఖాళీ అవుతాయి. సీజను అప్పుడు పెట్టడానికి అదీ ఒక కారణం.

సరే, కాగితాలు. ఇది మన వాళ్ళకు మరీ ముఖ్యం, కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు నిలబడతాను. ఫోన్లు పక్కన పెట్టండి.

ఈ గదిలో హెచ్1 వీసా మీద ఉన్నవాళ్ళు ఎంతమంది? ఎల్1? ఎఫ్1? హెచ్4 మీద ఉన్న చెల్లెళ్ళు? ఫెడరల్ చట్టం ప్రకారం తాత్కాలిక వీసా మీద ఉన్నవారు తుపాకి కలిగి ఉండటమే నేరం. తూటా కలిగి ఉన్నా నేరమే. కొనడం ఒక్కటే కాదండి, కలిగి ఉండటం! స్నేహితుడి తుపాకి అయిదు నిమిషాలు పట్టుకున్నా, షూటింగ్ రేంజిలో అద్దెకు తీసుకున్నా అది కలిగి ఉండటం కిందికే వస్తుంది. అయితే ఆ చట్టంలోనే కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో మనకు పనికొచ్చేది ఒకటి. అమెరికాలోని ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు మీ చేతిలో ఉండాలి. దుకాణంలో తుపాకి కొనేటప్పుడు నింపే ఫారం 4473లో ఈ ప్రశ్న సూటిగా అడుగుతారు, లైసెన్సు చూపించమంటారు.

ఇప్పుడు ఆలోచించండి. టెక్సస్ వేట లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది, మీరు ఎప్పుడు కొన్నా సరే. సెప్టెంబరులో పనుల ఒత్తిడిలో కొత్తది తీసుకోవడం మరచిపోయారు. తుపాకి మాత్రం బీరువాలోనే ఉంది. ఏమైంది? మీరు వేటకు వెళ్ళలేదు, గడప దాటలేదు, అయినా చిక్కులో పడ్డారు. తుపాకి కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేసేంత దూరం వెళుతుంది వ్యవహారం. అందుకే ఆగస్టు మధ్యలో కొత్త లైసెన్సులు అమ్మకానికి పెట్టగానే కొనేయండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు, పౌరులకు ఈ నిబంధన లేదు. గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టి మధ్యలో ఉన్నవాళ్ళు మాత్రం నా మాట మీద వెళ్ళకండి, వాట్సాప్ మాట మీద అసలే వెళ్ళకండి. మీ ఇమిగ్రేషన్ లాయరును అడగండి.

ఇంకొకటి. ఊరి నుంచి నాన్నగారు వస్తారు. ఆయన కుర్రతనంలో ఉండేలుతో కొట్టిన కథలు చెబుతారు. పోనీ పెద్దాయన ఒక్కసారి కాల్చి చూస్తారులే అని మనకు అనిపిస్తుంది. విజిటర్ వీసా కూడా తాత్కాలిక వీసాయే కదండీ! ఆయనకూ లైసెన్సు ఉండాలి. బయటి రాష్ట్రాల వారికీ, బయటి దేశాల వారికీ 5 రోజుల లైసెన్సు ఒకటి ఉంది, అది తీసుకోండి. లేదంటే ఆయనకు బైనాక్యులర్స్ ఇచ్చి కూర్చోబెట్టండి. నిజానికి నా పక్కన అలాంటి మనిషి ఒకరు ఉంటే నాకు ఇంకా మంచిది, పడిన పిట్ట ఎక్కడ పడిందో చూసి చెబుతారు.

లైసెన్సుతో పాటు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు టెక్సస్‌లో వేటాడాలంటే ఇది తప్పనిసరి. 17 ఏళ్ళు నిండినవాళ్ళు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. అయినా నేను చెప్పేది వినండి, తరగతికి వెళ్ళి చేయండి. అక్కడ తుపాకి చేతికిచ్చి కంచె ఎలా దాటాలో చూపిస్తారు. తెర మీద చూసి నేర్చుకునే పని కాదది.

ఆరు నెలలకు పైగా టెక్సస్‌లో ఉన్నవారికి మామూలు వేట లైసెన్సు 25 డాలర్లు, దాని మీద వలస పక్షుల అనుమతి 7 డాలర్లు. ఈ మధ్య వరకు అవీ ధరలు, కొనేముందు ఒకసారి చూసుకోండి. కొనేటప్పుడు నిరుడు ఎన్ని గువ్వలు కొట్టారు, ఎన్ని బాతులు కొట్టారు అని అడుగుతారు. పరీక్ష అనుకుని భయపడకండి. సున్నా అయితే సున్నా అనండి. ఏటా ఎన్ని పిట్టలు పోతున్నాయో లెక్క కట్టడానికి ఎవరిని అడగాలో ఆ జవాబులను బట్టే తేల్చుకుంటారు.

కాగితాల సంగతి అయింది. ఇక కళ్ళు.

రోజుకు 15 గువ్వలు. అంతకు మించి ఒక్కటి కూడా వద్దు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం వరకు. కానీ ఏ గువ్వ? ఎక్కువగా దొరికేది మోర్నింగ్ డవ్. సన్నగా ఉంటుంది, తోక పొడవుగా మొనదేలి ఉంటుంది. రెండోది వైట్ వింగ్. కొంచెం బరువైన పిట్ట, ఎగిరేటప్పుడు రెక్క మీద తెల్లటి పట్టీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, తోక చివర గుండ్రం. మూడోది మనకు చుట్టం. లేత బూడిద రంగు, మెడ వెనక నల్లటి అర్ధచంద్రం. గుర్తుపట్టారా? మన ఊళ్ళో కరెంటు తీగల మీద కూర్చుని గుగ్గుగూ అని కూసే గువ్వే అది! 1970లలో బహామా దీవుల్లో పంజరాల నుంచి తప్పించుకుని, ఫ్లోరిడాకు ఎగిరొచ్చి, అక్కడి నుంచి అమెరికాలో చాలా చోట్లకు పాకింది. ఇది ఈ దేశపు పిట్ట కాదు కాబట్టి దీనికి సీజను లేదు, లెక్క లేదు. అది ఏ వీసా మీద వచ్చిందని ఎవరూ అడగలేదు. లైసెన్సు మాత్రం మీకు ఉండాలి. ప్లేనో, ఫ్రిస్కో లాంటి డాలస్ శివారు ఊళ్ళలో మీ పెరటి గోడ మీద అవే కూర్చుంటాయి. అక్కడ తుపాకి పేల్చారో, పోలీసులు వస్తారు. అది వేట కాదు.

మరి కొట్టకూడనివి? గువ్వలు, బాతుల్లాంటి వేట పిట్టలు తప్ప ఇక్కడ పుట్టి పెరిగిన దాదాపు ప్రతి పిట్టా చట్టం రక్షణలో ఉంది. పొలంలో కిల్డీర్ అనే పిట్ట అరుస్తూ తల మీదుగా పోతుంది. మన తీతువుకు దగ్గర బంధువు. సంధ్యవేళ దూరం నుంచి చూస్తే కొత్తవాడికి గువ్వలాగే కనిపిస్తుంది. చిన్న డేగలు ఉన్నాయి, మెడోలార్కులు ఉన్నాయి. టెక్సస్ రాష్ట్ర పక్షి మాకింగ్‌బర్డ్ కూడా అంతే, రెక్కల మీద తెలుపు చూసి వైట్ వింగ్ అనుకుంటారు. అందుకే సీజనుకు ముందు ఆగస్టు సాయంత్రాల్లో తుపాకి లేకుండా పొలం గట్టున కూర్చోండి. ఎగిరే ప్రతి పిట్టకూ పైకే పేరు చెప్పండి. పక్కవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. రెండు సెకన్లలో పేరు చెప్పలేకపోతే ఆ పిట్ట మీది కాదు.

చోటు ఎక్కడ? ఇది అసలు తలనొప్పి. టెక్సస్‌లో నూటికి 95 వంతుల నేల ప్రైవేటు వాళ్ళదే. ఖాళీగా కనిపించింది కదా అని దిగడానికి లేదు. కంచె గుంజకో చెట్టుకో ఊదారంగు పెయింటు పూసి ఉందనుకోండి, అది అలంకారం కాదు. లోపలికి రావద్దు అని బోర్డు పెట్టినదానితో సమానం, చట్టమే అలా చెబుతోంది. అలాగైతే ఎక్కడికి పోవాలి? 48 డాలర్ల పబ్లిక్ హంటింగ్ పర్మిట్ ఒకటి ఉంది. గువ్వల వేట కోసమే రాష్ట్రం కొందరు రైతుల పొలాలు కౌలుకు తీసుకుని ఆ పర్మిట్ ఉన్నవారికి తెరుస్తుంది. మొదటి ఏడు అది చాలు. డబ్బు పెట్టగలిగితే రోజుకింత అని తీసుకుని పొలంలోకి పంపే వాళ్ళూ ఉన్నారు. మొదటి వారాంతం మాత్రం అక్కడ తిరనాళ్ళలా ఉంటుంది. కొత్తవాళ్ళు రెండో వారం వెళ్ళడం మంచిది.

పొద్దున పొద్దుతిరుగుడు చేలలో, కోసేసిన గోధుమ మళ్ళలో మేతకు దిగుతాయి. సాయంత్రం గూటికి చేరేముందు నీళ్ళకు వస్తాయి. పశువుల కోసం తవ్విన కుంటలు ఉంటాయే, గట్టున పెద్దగా గడ్డి లేకుండా బోసిగా ఉన్న కుంటలు వాటికి ఇష్టం. మెస్కీట్ చెట్టు నీడన కూర్చోండి. మెస్కీట్ అంటే ఏమిటనుకున్నారు? మన సర్కారు తుమ్మకు దాయాది. ముల్లు కూడా ఆ వంశానిదే, చెప్పుల్లో నుంచి దిగుతుంది. ర్యాటిల్ స్నేక్స్ ఉంటాయి, చూసి కూర్చోండి. పిట్టలు వస్తాయని గింజలు చల్లారో, నేరం. చల్లిన గింజలన్నీ ఎత్తేసినా పది రోజుల దాకా అక్కడ వేటాడకూడదు. రైతు మామూలుగా పంట కోసినప్పుడు రాలిన గింజలైతే పరవాలేదు.

ఇక, ఇందాక చేతులెత్తినవాళ్ళారా, తుపాకి.

12 గేజా, 20 గేజా? గేజ్ అంటే గొట్టం లావు కొలత. 12 పెద్దది, 20 చిన్నది. తిరకాసుగా ఉంది కదూ. ఒక పౌను సీసంతో ఆ గొట్టంలో సరిగ్గా పట్టే గుండ్లు ఎన్ని పోయగలమో అదే ఆ అంకె. కొత్తవాళ్ళకు 20 చాలు, భుజం మీద దెబ్బ తక్కువ. 12 అయినా తప్పేమీ లేదు. కానీ ఒకే సంచిలో రెండు రకాల తూటాలు ఎప్పుడూ, ఎప్పుడూ పెట్టకండి. 20 గేజ్ తూటాలు పసుపు రంగులో ఎందుకు చేస్తారు? అది పొరపాటున 12 గొట్టంలోకి జారితే లోపల ఇరుక్కుపోతుంది. ఖాళీగా ఉందనుకుని వెనక 12 తూటా పెట్టి పేలిస్తే గొట్టం మీ ముఖం ముందే పగులుతుంది. పసుపు రంగు కంపెనీవాళ్ళు అందానికి వేసింది కాదు.

తూటా నంబరు, అంటే లోపలి సీసపు గుళ్ళ సైజు, ఏడున్నర గానీ ఎనిమిది గానీ తీసుకోండి. వలస పక్షుల వేటలో తుపాకిలో మూడు తూటాలకు మించి పట్టకూడదు, ఎక్కువ పట్టే తుపాకి అయితే లోపల అడ్డు కట్టె ఉండాలి. కొన్నప్పుడే దుకాణంలో అడిగి పెట్టించుకోండి. గువ్వలకు సీసం వాడవచ్చు, కొన్ని ప్రభుత్వ స్థలాల్లో అదీ కుదరదు. బాతులకైతే 1991 నుంచి దేశమంతటా సీసం నిషేధం, పైగా బాతుల వేటకు ఫెడరల్ ప్రభుత్వం అమ్మే 25 డాలర్ల డక్ స్టాంపు కావాలి. అందుకే బాతులు రెండో ఏడు చూద్దాం అంటున్నాను.

పొలానికి వెళ్ళేముందు క్లే రేంజికి వెళ్ళండి. గాలిలోకి విసిరే మట్టి బిళ్ళలను కొట్టడం నేర్పుతారు. గువ్వ గంటకు 50 మైళ్ళు దాటి పోగలదు, అదీ వంకర్లు తిరుగుతూ. పిట్ట ఉన్నచోట కొడితే తూటా వెళ్ళేసరికి పిట్ట అక్కడ ఉండదు. దానికంటే ముందుకు తిప్పాలి, ట్రిగ్గర్ నొక్కాక కూడా తిప్పుతూనే ఉండాలి. అందరూ ఆగిపోతారు, అందుకే అందరిదీ వెనక పడుతుంది. పెట్టెకు 25 తూటాలు. మొదటి రోజు పెట్టెకు నాలుగైదు పడితే సంతోషించండి.

గువ్వల వేటలో మనుషులకు దెబ్బ తగిలేది ఎలా? పిట్ట వెంట తుపాకి తిప్పుతూ తిప్పుతూ పక్కవాడి మీదికి తెచ్చేయడం వల్ల. అందుకే కూర్చోగానే మీరూ, పక్కవాడూ అనుకోవాలి, ఆకాశంలో నీ వైపు ఇంత, నా వైపు ఇంత అని. ఆ గీత దాటిన పిట్ట ఎంత అందంగా వచ్చినా మీది కాదు. పిట్ట వెనక ఆకాశం కనిపించాలి, ఆకాశం మాత్రమే. చెట్టు కనిపించినా, గట్టు కనిపించినా వదిలేయండి. కళ్ళద్దాలు, చెవులకు రక్షణ, నారింజ రంగు టోపీ. టోపీ ఎవరూ పెట్టుకోమనరు, నేను అంటున్నాను.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నదానికి వచ్చాను. పిట్ట పడింది. అప్పుడేం చేస్తారు? కొత్తవాడు ఏం చేస్తాడో నేను చెబుతాను. ఇంకోటి వస్తోంది కదా అని దాన్ని కొడతాడు. తర్వాత మూడోది. ఆఖరికి లేచి వెళ్ళి చూస్తే ఎండుగడ్డిలో ఒక్కటీ కనిపించదు. గువ్వ రంగు, సెప్టెంబరు గడ్డి రంగు ఒకటే. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకు ఒకే నియమం. పడిన పిట్ట చేతికి వచ్చేదాకా రెండోదాన్ని కొట్టకూడదు. తల మీదుగా వంద పోనీ, కొట్టకూడదు. పడుతున్నప్పుడే కన్ను తిప్పకుండా ఒక మొక్కనో, రాయినో గుర్తు పెట్టుకోండి. ఆ మొక్క దగ్గరికి తిన్నగా నడవండి. కనిపించకపోతే అక్కడ టోపీ పెట్టి, దాని చుట్టూ కొంచెం కొంచెం పెద్దగా తిరుగుతూ వెతకండి. దొరికినా దొరకకపోయినా నా లెక్కలో అది మీ 15లో ఒకటి. చట్టం కూడా వెతకమనే అంటుంది. ప్రాణంతో ఉంటే వెంటనే మెడ తిప్పేయండి. అది చేయలేను అనుకుంటే, తమ్ముడూ, వేటకు రాకు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ముప్పై గజాలు దాటిన పిట్టను వదిలేయమనేది కూడా ఇందుకే. దూరం పెరిగిన కొద్దీ చావకుండా గాయపడి పోయేవే ఎక్కువ.

మనవాళ్ళకు ఇంకో అలవాటు ఉంది. అందరి పిట్టలూ ఒకే ఐస్ పెట్టెలో పడేసి, తర్వాత పంచుకుందాంలే అంటారు. పిక్నిక్ కాదు కదండీ! వేట నియమాలు చూసే అధికారి, గేమ్ వార్డెన్, వచ్చి ఎవరివి ఎన్ని అని అడుగుతాడు. నావి పది, వాడివి ఇరవై, మొత్తం ముప్పై, ఇద్దరికీ సరిపోయిందిగా అంటే కుదరదు. ఒకరి కోటా ఇంకొకరు కొట్టకూడదు. ఎవరి సంచి వారిదే. మీ పిట్టలు ఇంకొకరి దగ్గర వదలాలంటే మీ పేరు, చిరునామా, ఏ పిట్టలు ఎన్ని, ఏ రోజు కొట్టారు, ఇవన్నీ రాసి సంతకం పెట్టి కట్టాలి.

ఒక మాట ఊరి గురించి. ఇక్కడ నేర్చుకున్నాం కదా అని అక్కడ సెలవుల్లో కౌజుల కోసం, కముజుల కోసం తోటల్లోకి వెళతామంటే కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ పిట్టల వేట నేరం, జైలు దాకా పోతుంది. ఎవరో తెచ్చి అమ్మితే కొనడమూ నేరమే.

చివరిగా వంట. సెప్టెంబరులో ఇక్కడ వంద డిగ్రీల (ఫారెన్‌హీట్) ఎండ, కొట్టిన పిట్టను గంటలకొద్దీ సంచిలో ఉంచకండి. రొమ్ము తీసి ఐసులో పెట్టండి. ఇక్కడివాళ్ళు హలపెన్యో మిరపకాయ పెట్టి, బేకన్ చుట్టి కాలుస్తారు, బాగానే ఉంటుంది. మన ఇంట్లో అయితే అల్లం వెల్లుల్లి, మిరియాలు పట్టించి వేపుడు. ఎర్రటి మాంసం, కొవ్వు లేదు, ఎక్కువసేపు పొయ్యి మీద ఉంచితే గట్టిపడి చెప్పు తోలయిపోతుంది. పులుసు పెట్టాలంటే మాత్రం ఎముకతోనే వేసి సన్నని సెగ మీద ఓపికగా ఉడకనివ్వాలి. కడిగేటప్పుడు వేలితో తడిమి సీసపు గుళ్ళు తీసేయండి, పిల్లలకు పెట్టేముందు ఇంకోసారి చూడండి. పొలం యజమానికి శుభ్రం చేసిన నాలుగు పిట్టలు ఇచ్చి రండి. ఖాళీ తూటాలు అన్నీ ఏరుకోండి, గేటు మీరు వచ్చేటప్పుడు ఎలా ఉందో అలాగే వదలండి. వచ్చే ఏడు మళ్ళీ ఆ పొలానికి రానిస్తాడా లేదా అన్నది వీటి మీదే ఉంటుంది.

ఇక ప్రశ్నలు అడగండి. వీసా మీద ఉన్నవాళ్ళవి ముందు తీసుకుంటాను. ఏ కంపెనీ తుపాకి అన్న ప్రశ్న మాత్రం ఆఖరున.